సారు మెడలో చంద్రకళ మైకు

ఉంగుటూరు నుంచి కాలవ గట్టు మీదుగా వస్తే మొదట వెంకట్రాజు గారి ఇల్లు, ఆ తర్వాత మాది. వెంకట్రాజు గారి అమ్మాయి చంద్రకళకి చిన్నప్పటి నుంచీ సరిగా వినపడదు. మా వైపు ఆ మాట ముఖం మీద ఎవరూ అనరు. "అమ్మాయికి కొంచెం వినికిడి నెమ్మదండి" అంటారు, అదేదో ఎడ్లబండి మీద వస్తున్నట్టు.

పదో తరగతిలో చెవి మిషన్లు వచ్చాయి. వాటితో ఇంట్లో బాగానే గడిచింది. మూరెడు దూరంలో నిలబడి ముఖం చూస్తూ మాట్లాడితే ఆ పిల్లకి అన్నీ అందుతాయి. అందరం అలాగే మాట్లాడేవాళ్ళం. అలవాటు చొప్పున మా వీధిలో వాళ్ళు బాగా వినపడే వాళ్ళతో కూడా మూరెడు దూరం నుంచే మాట్లాడుతూ ఉంటారు. కొత్తవాళ్ళు కాస్త వెనక్కి జరుగుతారు.

చిక్కు యూనివర్సిటీలో వచ్చింది. గూడెం ఊరు దాటాక ఉన్న యూనివర్సిటీలో చంద్రకళ ఎమ్మెస్సీ జువాలజీలో చేరింది. చేపల పెంపకం ఆమెకి ముఖ్యమైన పేపరు. పాసైతే ఆకివీడులో చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం దొరుకుతుందని ఆమె ఆశ. అయితే క్లాసు గది పొడుగ్గా ఉంటుంది, పైన ఆరు ఫ్యాన్లు. చెవి మిషనుకి పక్షపాతం ఉండదు. సారు గొంతునీ, ఫ్యాను రొదనీ, వెనక బెంచీలో చిప్స్ పొట్లం చప్పుడునీ సమానంగా పెంచి వినిపిస్తుంది. సార్లు బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు కాబట్టి పెదాలూ కనపడవు. ఫ్యాన్ల మీద పేపరు పెడితే చంద్రకళకి ఫస్టు క్లాసు వచ్చేది.

ఇలాంటి విద్యార్థులకి సహాయం చేయడానికి యూనివర్సిటీలో ఒక విభాగం ఉంది. దాన్ని చూసే ఫణికిరణ్ మంచివాడు. మెడలో వేసుకునే మైకు ఒకటి ఉంటుందనీ, పాఠం చెప్పేవారు వేసుకుంటే వాళ్ళ గొంతు తిన్నగా చెవి మిషన్లోకి వస్తుందనీ ఆయనే చెప్పాడు. దానికి వినికిడి లోపం ఉందని కొత్త ధ్రువపత్రం కావాలి. ఆసుపత్రిలో పరీక్షకి తల్లి ప్రసన్నలక్ష్మి గారు తీసుకెళ్ళారు. వరసలో చంద్రకళ పేరు పిలవగానే ఆవిడ కూతుర్ని మోచేత్తో పొడిచి లేపారు. లేపాక, ఒక్క పిలుపుకే లేచింది కాబట్టి ఇక ఇవ్వరేమోనని గాభరా పడి, మళ్ళీ కూర్చోబెట్టారు. డాక్టరు గారు ఇదంతా చూసి, తల్లిగారికి కూడా పరీక్ష చేయాలా అని అడిగారట.

మైకు ఆగస్టు చివర్లో వచ్చింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, నల్లగా, తాడుతో. ఇంటికి తెచ్చి తల్లి మెడలో వేసింది. ఆవిడ పెరట్లోకి వెళ్ళి, "చంద్రా, కూర మాడుతోందేమో చూడవే" అన్నారు, వీపు ఇటు తిప్పి. పిల్ల లేచి వెళ్ళి పొయ్యి కట్టేసింది. తర్వాత వెంకట్రాజు గారు కూడా మెడలో వేసుకుని చేలోకి బయల్దేరారు, ఎంత దూరం పనిచేస్తుందో చూడటానికి.

ఇక దాన్ని సార్లకి ఇవ్వాలి. అయిదుగురు క్లాసులు చెప్తారు. ఎవరికి ముందు ఇవ్వాలన్నది పెద్ద ప్రశ్న. హెడ్ శివరామయ్య గారు ఉండగా చిన్నవాళ్ళకి ముందిస్తే మర్యాద కాదు. "పెద్దాయనకి ఇచ్చి, ఆయన చేతుల మీదుగా మిగతా వాళ్ళకి వెళ్ళాలి. ఒట్టి చేత్తో ఇవ్వకే" అన్నారు ప్రసన్నలక్ష్మి గారు. నాలుగు రోజుల్లో గురుపూజోత్సవం వస్తోంది. అంతకన్నా మంచి సమయం లేదు. ఒక శాలువా, రెండు బత్తాయిలు, తమలపాకులు, మధ్యలో మైకు. ఇత్తడి పళ్ళెం మాదే.

శివరామయ్య గారు ఏలూరు నుంచి రోజూ రైల్లో వస్తారు. పురోహితుల కుటుంబం, చెప్పేది చేపల పేపరు. జన్మలో చేప ముట్టకపోయినా, దానికి ఏ నెలలో ఏ రోగం వస్తుందో చెప్పగలరు. సభలో చంద్రకళ పళ్ళెం అందించి, "సార్, మీరిది పాఠం చెప్పేటప్పుడు నాకు వినపడటానికి మెడలో వేసుకోవాలండి" అంది, మెల్లగా. చప్పట్ల మధ్య ఆయనకి మొదటి రెండు మాటలూ చివరి రెండు మాటలూ వినపడ్డాయి. అవి సరిపోయాయి. మెడలో వేసుకున్నారు. పైన శాలువా కప్పించుకున్నారు. ఫొటో తీశారు.

తర్వాత ఆయన అరగంట మాట్లాడారు. గురువు గొప్పతనం గురించి. హాల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. చంద్రకళ మాత్రం కదలకుండా కూర్చుంది. అంత పెద్ద హాల్లో, అంత దూరం నుంచి, ఒక మనిషి మాట ముక్కముక్కా వినపడటం ఆమెకి అదే మొదటిసారి. ఆ ఉపన్యాసం అంత శ్రద్ధగా ఇంకెవరూ విని ఉండరు. సభ అయ్యాక ఆయన మెట్లు దిగుతూ పక్కాయనతో, "పిల్లలు అభిమానంగా ఏదో ఇచ్చారండి, బానే ఉంది" అనడం కూడా ఆమెకి వినపడింది. ఆటో స్టాండు వైపు నడుస్తుంటే గొంతు సన్నబడి ఆగిపోయింది. మైకు ఏలూరు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన మైకు వేసుకునే క్లాసుకి వచ్చారు. అందరూ సంతోషించారు. ఛార్జింగ్ అయిపోయిందన్న సంగతి చంద్రకళకి ఒక్కదానికే తెలుసు. కాసేపట్లో ఆయనే కనుక్కుంటారులే అనుకుంది. ఆయన కనుక్కోలేదు. క్లాసయ్యాక ఇస్తారేమోనని తలుపు దగ్గర నిలబడింది. ఆయన ఆశీర్వదించి వెళ్ళారు.

ఆయన దాన్ని గాలి శుభ్రం చేసే సాధనం అనుకున్నారు. కరోనా రోజుల్లో అలాంటివి కొందరి మెళ్ళో చూశారట. ఉపకరణం గురించి ఫణికిరణ్ పంపిన సర్క్యులర్ మీద ఆయన సంతకం ఉంది. రోజూ వచ్చే సర్క్యులర్లలో అదొకటి. తర్వాత తెలిసిందేమిటంటే, రైలెక్కగానే ఆయన దాన్ని కాలరు మీదికి సర్దుకునేవారు. భీమడోలు దగ్గర వచ్చే దుమ్ముకి గొంతు ఇదివరకటంత పట్టేయడం లేదని చెప్పేవారు. పూళ్ళ స్టేషన్లో ఎక్కే బ్యాంకు ఆయనొకరు ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఇది కొంటే వచ్చేది కాదండి అన్నారట.

అలా రోజూ చంద్రకళ మైకు ఆమె కళ్ళ ముందే వచ్చి, ఆమె ముందే బోర్డు వైపు తిరిగి, ఆమెకి వినపడకుండా పాఠం చెప్పి వెళ్ళేది. మిగతా నలుగురు సార్ల క్లాసుల్లోనూ ఆమెకి ఫ్యాన్లే. స్నేహితురాలు సాయిప్రియ నోట్సు ఇచ్చేది. సాయిప్రియకి నిద్ర వచ్చినచోట అక్షరాలు కిందికి జారిపోతాయి.

"నువ్వడగవే," అంది సాయిప్రియ.

"ఇచ్చింది తిరిగి ఎలా అడుగుతాం? అందులోనూ శాలువాతో ఇచ్చాను."

"పోనీ నేనడగనా?"

"నీకు ఆయన దగ్గర ప్రాజెక్టు ఉంది కదా."

సాయిప్రియ ఇక ఆ సంగతి ఎత్తలేదు.

చంద్రకళ ఫణికిరణ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, శివరామయ్య గారు తన పీహెచ్‌డీ గైడనీ, సంతకాలు ఇంకా మిగిలి ఉన్నాయనీ చెప్పాడు. కావాలంటే ఇంకో మైకుకి దరఖాస్తు పెడదామన్నాడు. మొదటిది పోయిందా అని అడిగాడు, నియమం ప్రకారం. లేదండి అంది. పాడైందా అంటే, అదీ లేదండి అంది.

"మరేమైందని రాయనమ్మా?"

"సారు మెడలో ఉందని రాయండి."

ఫణికిరణ్ కలం పక్కన పెట్టి, టీ తెప్పించాడు.

డిసెంబరు పరీక్షల్లో చేపల పేపరులో చంద్రకళకి అత్తెసరు మార్కులు వచ్చాయి. శివరామయ్య గారు నొచ్చుకున్నారు. ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుని రెప్ప వేయకుండా తన మెడ వంకే చూస్తుందనీ, అంత శ్రద్ధ ఉండీ మార్కులు ఎందుకు రావో అర్థం కావడం లేదనీ స్టాఫ్ రూములో అన్నారు.

ఇంట్లో ప్రసన్నలక్ష్మి గారు ఒక ఉపాయం ఆలోచించారు. జనవరి ఒకటిన సార్లకి పళ్ళు ఇవ్వడం ఎలాగూ ఉంది. ఆపిల్ పళ్ళతో పాటు మైకు ఛార్జరు పెట్టి ఇస్తే, ఆయన ఛార్జింగ్ పెట్టుకుంటారు, ఏ గొడవా ఉండదు. పళ్ళెం మళ్ళీ మాదే. శివరామయ్య గారు ఛార్జరు చూసి నిజంగా సంతోషించారు. ఆ వారమే ఆయన ఫోను ఛార్జరు వైరు తెగిపోయిందట. పిల్లలకి ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోయి, అప్పటి నుంచీ ఫోనుకి అదే వాడుకున్నారు.

జనవరి చివరి వారంలో క్లాసునంతా ఆకివీడు దగ్గర చెరువులకి తీసుకెళ్ళారు. ప్రాక్టికల్ మార్కులు అక్కడే, గట్టు మీదే, ప్రశ్నలడిగి వేస్తారు. కొల్లేటి వైపు నుంచి గాలి. చెరువులో చేపలకి ఊపిరందించే గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. రోడ్డు మీద ఐసు లారీలు. ఆ చప్పుడులో మామూలు చెవులున్న వాళ్ళే "ఆఁ?" అంటున్నారు. శివరామయ్య గారు చెరువు వంక చూస్తూ గంటసేపు చెప్పారు. చంద్రకళకి చక్రాల పాఠం బాగా వచ్చింది.

ఒక్కొక్కరినీ అడుగుతూ ఆమె దగ్గరికి వచ్చారు. ప్రశ్న వేశారు. ఆమె పలకలేదు. మళ్ళీ వేశారు. అందరూ చూస్తున్నారు. ఆయన కఠినుడు కాదు. దగ్గరికి వచ్చి, ముఖంలోకి చూసి, భయపడకమ్మా, తెలిసింది చెప్పు, ఇందులో తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి అన్నారు.

మూరెడు దూరంలో ఉన్నారు కాబట్టి అది ఆమెకి పూర్తిగా అందింది.

"సార్, మీ మెడలో ఉన్నది నా మైకండి," అంది.

ఆయన కిందికి చూసుకున్నారు.

"నాకు వినపడదు కదండీ. మీరది వేసుకుని మాట్లాడితే మీ మాట నా చెవిలోకి వస్తుందండి. అందుకిచ్చానండి."

"వేసుకునే మాట్లాడుతున్నాను కదమ్మా."

"ఛార్జింగ్ లేదండి."

"ఎప్పట్నుంచి?"

"మీరు ఏలూరు తీసుకెళ్ళినప్పట్నుంచండి."

సాయిప్రియ వంగి నీళ్ళ రంగు పరీక్షిస్తోంది. మిగతావాళ్ళకి కూడా ఉన్నట్టుండి నీళ్ళ రంగు మీద ఆసక్తి కలిగింది. శివరామయ్య గారు మైకుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"అయితే ఇది గాలికి..."

"గాలికి కాదండి."

"భీమడోలు దగ్గర దుమ్ము..."

"దుమ్ము దానికీ పట్టి ఉంటుందండి. తుడుచుకుంటాను."

ఆయన మోటారు షెడ్డు వైపు నడిచారు. అందరూ వెనకాలే వెళ్ళారు. లోపల గోడకి ప్లగ్గు ఉంది. సంచిలోంచి ఫోను ఛార్జరు తీసి పెట్టబోతూ, ఆమె ముఖం చూసి ఆగారు. ఇది కూడా నీదేనా అని అడిగారు. చంద్రకళ తల ఊపింది. ఆపిల్ పళ్ళతో ఇచ్చానండి అంది. పళ్ళు మాత్రం నావే కదా అన్నారాయన, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. అవి మీవేనండి అంది.

మైకుకి ఛార్జింగ్ ఎక్కుతున్నంతసేపూ హెడ్ గారు మేత బస్తా మీద కూర్చున్నారు. హెడ్ గారు కూర్చుంటే కదలడం బావుండదు కాబట్టి క్లాసంతా నిలబడింది. కాసేపటికి ఆయన ఆమెని దగ్గరికి పిలిచి, మిగతా సార్ల క్లాసుల్లో ఎలా వింటున్నావన్నారు. ముందు మీకిచ్చి, మీ తర్వాత వరసలో వాళ్ళకి ఇద్దామనుకున్నానండి, మీ దగ్గర ఆగిందండి అని చెప్పింది. ఆయన కండువా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది.

"ఇవాళ్టి నుంచి ఇది నీ దగ్గరే ఉంచుకో. క్లాసుకి ముందు మా చేతికివ్వు, అయ్యాక అడిగి తీసుకో."

"అడిగితే బావుండదేమోనండి."

"అడగమ్మా. నేను అడగమంటున్నాను కదా. నేను మర్చిపోయి స్టేషనుకి వెళ్ళిపోతే ఆటో ఎక్కి వచ్చి అడుగు."

పచ్చ లైటు వెలిగింది. శివరామయ్య గారు మైకు మెడలో వేసుకుని, చెరువు గట్టు వెంట అటు చివరికంటా నడిచి వెళ్ళారు. కావాలనే వీపు ఇటు తిప్పి నిలబడ్డారు. గాలి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన ఏదో అన్నట్టు ఇటు గట్టున ఎవరికీ తెలియలేదు. చంద్రకళ మాత్రం చెయ్యెత్తింది.

"వినపడుతోందండి," అని కేక వేసింది. "మీరు మొదట్నుంచి చెప్పాలండి."

ఆయన మళ్ళీ ఏదో అడిగారు. ఎక్కణ్ణుంచమ్మా అన్నారని ఆమే పక్కనున్న సాయిప్రియకి చెప్పింది. సారు మాట చంద్రకళ విని సాయిప్రియకి చెప్పడం అదే మొదలు.

చంద్రకళ రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకుని, చెరువు దాటేలా అరిచింది.

"సెప్టెంబరు నుంచండీ."

శివరామయ్య గారు గొంతు సవరించుకుని మొదటి యూనిట్ మొదలుపెట్టారు.