హాకీకి ఇచ్చిన కరెంటు

అమెరికా టీవీలో మంచు మీద ఆడే హాకీని ఎప్పుడు చూపించారో, ఎప్పుడు మానేశారో నాకు తెలిసినంతగా యాంగోన్‌లోని మా తామ్వే పేటలో ఇంకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. వీడియోలకు బర్మా భాషలో సబ్‌టైటిళ్లు రాయడం నా పని. ఏది పంపితే అది రాస్తాను. ఈసారి ఆ హాకీ ప్రసారాల చరిత్ర పంపారు, భాగాల మీద భాగాలు. ఇక్కడ ఎవరు చూస్తారో నాకైతే అర్థం కాలేదు.

విసుగెత్తించే చరిత్ర అది. ఒక పెద్ద ఛానెల్ ఆటను కొంటుంది, చూసేవాళ్లు చాలడం లేదని వదిలేస్తుంది. కొన్నేళ్లకు ఇంకొకటి కొంటుంది, అదీ వదిలేస్తుంది. కర్రలతో కొట్టే నల్లటి రబ్బరు బిళ్ల తెర మీద సరిగా కనబడటం లేదని ఒక ఛానెల్ దాని చుట్టూ నీలం వెలుగు పెట్టింది. గట్టిగా కొడితే వెనక ఎర్రటి తోక కూడా. ఆట తెలిసినవాళ్లు తిట్టిపోశారు. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని నేను ఆ తిట్లకు బర్మా మాటలు వెతుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

మాది ఐదో అంతస్తు. కరెంటు వంతులవారీగా వస్తుంది. ఉన్నంతసేపట్లోనే మోటారు వేసి నీళ్లు పైకి ఎక్కించుకోవాలి. వోల్టేజీ ఎంత తక్కువంటే, మోటారు తిరిగితే నా కంప్యూటరు ఆరిపోతుంది. రెండింట్లో ఏదో ఒకటే.

ఆ రోజు మా ఇంట్లో భిక్షువులకు భోజనం. మామగారు తెలుగువాడు, అత్తగారు బర్మా ఆవిడ. ఆయన పోయాక ఆవిడకు ఒక పక్క పడిపోయింది, మెట్లు దిగలేరు. ఆయన పేరు మీద భిక్షువులను ఇంటికే పిలవాలి, ఆయనకు ఇష్టమైన చేపల పులుసు తన చేత్తో వడ్డించాలి. ఆవిడ కోరిక అంతే. మధ్యాహ్నం పన్నెండు దాటితే భిక్షువులు ముద్ద ముట్టరు.

తెల్లవారుతూనే నా భార్య చేపల కోసం చిమిండైంగ్ బజారుకు బయల్దేరింది. "కరెంటు రాగానే మోటరు ఎయ్యి. హాకీ గీకీ అనకు," అని చెప్పి మరీ వెళ్లింది.

కరెంటు వచ్చింది. ఒక్క వాక్యం ముగించి లేద్దామనుకున్నాను. ఒక పెద్ద పోటీ సమానంగా ముగిసి అదనపు సమయంలోకి పోతుంటే, ఛానెల్ దాన్ని మధ్యలో వదిలేసి గుర్రప్పందేలకు మారిపోయిన కథ అది. మిగతా ఆట కేబుల్‌లో చూసుకోమన్నారట. నాకు నిజంగా కోపం వచ్చింది. చూస్తున్నవాళ్లంటే అంత లెక్కలేనితనమా అని పళ్లు కొరుక్కుంటూ, ఆ కోపం బర్మా భాషలో సరిగ్గా పలికేదాకా దిద్దుతూ పోయాను. తెర ఆరిపోయింది. కరెంటు వంతు అయిపోయింది.

నా భార్య వచ్చి కొళాయి తిప్పింది.

"ఏటిది, చుక్క లేదు?"

"కరెంటు రాలేదు," అన్నాను.

యాంగోన్‌లో ఆ మాట అంటే ఎవరూ ఎదురు అడగరు. దేనికైనా సరిపోయే సాకు. నేను చాలాసార్లు వాడుకున్నాను.

కూరలు తరగడానికి వచ్చిన రెండో అంతస్తు పిన్ని మాత్రం ఊరుకోలేదు. "రానేదేటి బాబూ? మా డ్రమ్ములు నిండిపోయి మెట్ల మీదికి పారీసినాయి గదా. మీ ఇంటికి ఏరే తీగ ఏసినారేటి?"

నా భార్య కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది.

"ఎవలు గెలిచినారు?" అంది.

"ఆట కాదు, దాని చరిత్ర..."

"ఎప్పుడో అయిపోనాదా? అయిపోనదాని కోసం ఇయ్యాల నా ఇంట్లో నీల్లు లేకుండా చేసీసినావా?"

రెండు బకెట్లు నా చేతిలో పెట్టింది. పిన్ని ఇంటి నుంచి మోశాను. మొదటి నీళ్లు అన్నానికి, పప్పుకు పోయాయి. తరవాతవి చేపలు కడగడానికి. వాటిని పట్టుకుని ఎక్కుతుంటే మూడో అంతస్తులో ముసలి భిక్షువు రొప్పుతూ నిలబడి ఉన్నారు, వెనక మరో ఇద్దరు. సన్నటి మెట్లు. వాళ్లను దాటుకుని పోకూడదు. బకెట్లు దించకుండా నిలబడ్డాను. ఆయన ఊపిరి తీసుకుంటున్నారు, చేపలు పైన ఎదురుచూస్తున్నాయి, పొద్దు మాత్రం ఆగడం లేదు. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక నా మీదే విసుక్కున్నాను.

పులుసు వేళకు అందలేదు. భిక్షువులు అన్నం, పప్పు, అరటిపళ్లు తిని, దీవించి వెళ్లిపోయారు. అత్తగారు ఆడే చేత్తో పప్పు వడ్డించారు. వాళ్లు మెట్లు దిగాక, పొయ్యి మీద పులుసు ఉడకడం మొదలైంది. ఆ వాసనకు ఆవిడ తల తిప్పి వంటింటి వైపు చూశారు.

నా తడిసిన చొక్కా పట్టుకుని, "తా, కరెంటువాళ్లు చేసినదానికి నువ్వు మోశావు," అన్నారు బర్మా భాషలో. నన్ను ఎప్పుడూ తా అనే పిలుస్తారు, కొడుకా అని. నా భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. నా అబద్ధాన్ని బయటపెట్టలేదు.

"కరెంటు వచ్చింది, అమ్మా. నేనే మోటారు వెయ్యలేదు. కంప్యూటరు దగ్గర కూర్చున్నాను. తరవాత అబద్ధమాడాను."

ఆవిడ నా చొక్కా వదిలేశారు. క్షమించానని గానీ, పరవాలేదని గానీ అనలేదు.

"గిన్నెలు కడుగు," అన్నారు.

"నీళ్లు అయిపోయాయి."

"కింద ఉన్నాయిగా."

బకెట్లు తీసుకుని దిగాను.