ఇల్లు విడిచిన ఆమె

ఈరోజు సాయంత్రం ఐదుంపావుకు పక్కింట్లోంచి వేరుశనక్కాయలు ఉడుకుతున్న వాసన వచ్చింది. నా చిన్నప్పుడు ఆదివారాల్లో నాయన, ఆయన స్నేహితుడు ఖాదర్ మామ ఆ కాయలు ఒలుచుకుంటూ, చదివిన నవలల మీద వాదించుకునేవారు.

"మొగుడు కొడితే మాత్రం, బిడ్డనెత్తుకొని ఇల్లిడిచి పోతాదా?" అన్నాడు ఒకసారి నాయన.

"ఏమన్నా, తన్నులు తింటా ఆడనే ఉండల్లా?" అని మామ గొంతు పెంచాడు.

అదంతా కథ అని నాకు తెలియదు. ఆమె ఈ ఎండలో బిడ్డతో ఎక్కడ నిలబడిందోనని దిగులేసింది.

"నాయనా, ఆమెను మనింటికి రమ్మను. నా చాప మీద పండుకుంటాది," అన్నాను.

మామ పడీపడీ నవ్వాడు. "అయిపాయ! నీ కూతురే నిన్ను ఓడగొట్టె కదన్నా!"

నాయన నన్ను దగ్గరకు తీసుకుని, "సరేమ్మా, రమ్మందాం," అన్నాడు. ఓడిపోయిన మనిషి ఆ సాయంత్రమంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మా ఇంట్లో నవలల మీద ఎవరూ వాదించుకోరు.