ఆకు నీడలో పెట్టండప్పా

నా జిరాక్సు అంగడి కుప్పంలో రైలు గేటుకు దగ్గర. గేటు పడితే చాలు, బండ్లన్నీ అంగడి ముందర వరసగా నిలబడిపోతాయి. వేడెక్కిన ఇంజన్ల వాసన, ఎదురుగా టీ బంకులో కాగే పాల వాసన, తమిళనాడు వైపు పోయే పూలబుట్టల వాసన కలిసి లోపలికి వస్తాయి. ఇరవై ఏళ్లుగా అలవాటైపోయిన వాసనలు కాబట్టి తల ఎత్తి చూడను కూడా. మొన్న ఒకరోజు మాత్రం వాటి నడుమ ఒక పచ్చి వాసన వచ్చింది. అప్పుడే కోసిన గడ్డి వాసనలా ఉంటుంది కానీ గడ్డి కాదు, అందులో కొంచెం పాల జిగురు, కొంచెం తడి మట్టి. మల్బరీ ఆకు. మిషన్‌లో పెట్టబోయిన కాగితం చేతిలోనే ఉండిపోయింది.

మాది పుంగనూరు. మా తాత కూలికి పోయిన మనిషి. మా నాయన రెడ్డెప్ప కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేరి, మా వీధిలో నెల జీతానికి పనిచేసే మూడో మనిషి అయ్యాడు. నేను ఐదో తరగతిలో ఉండగా ఎవరో వాడిన ఎర్ర మోటారు సైకిల్ ఒకటి ఇంటికి తెచ్చాడు. ట్యాంకు మీద పాత యజమాని పేరు సగం చెరిగి ఇంకా కనిపిస్తుండేది. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు నలిపించి, గుమ్మడికాయ దిష్టి తీసి, బెల్లం పొంగలి వండి వీధంతా పంచింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వినాయక చవితి పోయి చెనిక్కాయలు పీకే రోజులు. ప్రతి ఇంట్లో మట్టి కుండలో ఉప్పు వేసి కాయలు ఉడకబెట్టేవాళ్లు, సీతాఫలాలను తవుడు గంపల్లో మాగబెట్టేవాళ్లు. సాయంత్రాలు ఆడపిల్లలం అచ్చనగండ్లు ఆడే అరుగుల నిండా ఉడికిన కాయల తొక్కలు, సీతాఫలం గింజలు పడి ఉండేవి. స్టాండు వేసిన బండి మీద వీధి పిల్లలందరూ వంతులవారీగా ఎక్కి, నోటితో శబ్దం చేస్తూ బెంగళూరు దాకా పోయి వచ్చేవాళ్లు.

నేను మాత్రం ఆ బండి మీద నిజంగా మదనపల్లెకు పోయేదాన్ని, అదీ గ్రంథాలయానికి. పుంగనూరు శాఖా గ్రంథాలయంలో పిల్లల అలమర ఒకటే ఉండేది. దాన్ని నేను వేసవి సెలవుల్లోనే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చదివేశాను. గ్రంథపాలకుడు నవ్వి, "నీకింక మదనపల్లెనే గతి పాపా" అన్నాడు. నాయనకు సంతకం తప్ప చదువు రాదు. నేను పేపరు గట్టిగా చదివితే, వీధిలో అందరికీ వినపడాలని ఆయన తలుపులు తెరిచి పెట్టేవాడు.

ఒక ఆదివారం మదనపల్లెలో పుస్తకాలు తీసుకుని తిరిగి వస్తున్నాం. దారిలో ఒక మలుపు దగ్గర టమాటా పెట్టెల ట్రాక్టరు ఎదురైంది. నాయన బండిని పక్కకు తిప్పాడు. ఆ పక్కనే ఒక ఆడమనిషి, మనిషంత మూట తల మీద పెట్టుకుని రోడ్డు దాటుతోంది. ఆమెకు మేం కనపడలేదు, మాకు ఆమె కనపడిందే ఆలస్యం. హ్యాండిలు మూటకు తగిలింది. ఆమె ఒక పక్కకు, బండి ఒక పక్కకు, నాయన రోడ్డు మీదకు పడ్డారు. నేను పోయి నేరుగా ఆ మూట మీద పడ్డాను. ముఖం నిండా తడి ఆకు. నాకు ఒక్క గీత కూడా పడలేదు.

పల్లె రోడ్డును ఆనుకునే ఉంది. అర నిమిషంలో జనం చేరారు. ఒకడు నాయన చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు బండి తాళం లాక్కున్నాడు. "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావురా!" అని ఒకరు, "పోలీసులకు చెప్పండి" అని ఒకరు. నాయన మోచేతి నుంచి రక్తం కారుతోంది, ఆయన మాత్రం కింద పడిన మనిషినే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కాలు మోకాలి కింద ఉండకూడని తీరులో వంగి ఉంది. పెదవి కొరుక్కుంటూ చుట్టూ చూసి ఆమె అన్న మొదటి మాట ఇది:

"అయ్యన్నీ ఆనక. ముందు ఆకు నీడలో పెట్టండప్పా. ఎండకు వాడిపోతాది."

ఆమె పేరు మునెమ్మ. యాభై దాటిన మనిషి. భర్త లేడు, ఒక్క కూతుర్ని కుప్పం పక్క పల్లెలో ఇచ్చింది. ఆమెకు ఉన్నది అరెకరం మల్బరీ తోట, ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో పట్టుపురుగులు. పురుగు నాలుగు సార్లు నిద్రపోయి లేస్తుంది. నాలుగో నిద్ర లేచాక ఎనిమిది రోజులు తిండి తప్ప దానికి ఇంకో ధ్యాస ఉండదు. ఆ ఎనిమిది రోజుల్లో ఒక్క పూట ఆకు తప్పినా గూడు పలుచనైపోతుంది, రెండు పూటలు తప్పితే గూడే ఉండదు. మునెమ్మ పురుగులు ఆ రాత్రికే నాలుగో నిద్ర లేవబోతున్నాయి. ఆ పంట పోతే మూడు నెలలు ఆమె చేతిలో ఏమీ ఉండదు.

మదనపల్లె ఆస్పత్రిలో కాలికి కట్టు వేసి ఆరు వారాలు కదలకూడదన్నారు. జీపులో తిరిగి తెచ్చి పడుకోబెట్టాక, పల్లెలో ఒక పెద్దాయన కేసు సంగతి ఎత్తాడు. ఆమె మంచంలోంచే చెయ్యి విసిరింది.

"కేసు పెడితే పురుగులు తింటాయా మామా? కాలు ఇరిగింది నాది, ఆకలి వాటిది. ఈయప్పను ఎనిమిది దినాలు ఆకు కొయ్యమను. అంతే."

నాయన ఏడ్చింది నేను చూడటం అదే మొదలు. మరుసటి రోజు సెలవు పెట్టి, అమ్మను, నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆ పల్లె చేరాడు. బండి ఆమె వాకిట్లోనే, వంగిన హ్యాండిలుతో, గోడకు ఆనించి ఉంది. దాని వంక ఆయన తల తిప్పి కూడా చూడలేదు.

పురుగుల ఇల్లు వేరే లోకం. వెదురు తట్టలు పన్నెండు, గోడ వెంబడి మంచెల మీద ఒకదాని పైన ఒకటి. వాటి నిండా వేలెడు పొడవున తెల్లటి పురుగులు తలలు ఊపుతూ ఉండేవి. ఆకు పరిచిన మరుక్షణం శబ్దం మొదలయ్యేది. పెంకుల మీద సన్నగా వాన పడుతున్నట్టు, ఎక్కడా ఆగని మెత్తటి చప్పుడు. ఆ ఇంట్లోకి చెప్పులు రాకూడదు, బీడీ రాకూడదు, అగరొత్తి రాకూడదు. పురుగుకు ఏ వాసనా పడదట. అందుకని అమ్మ ఆ ఎనిమిది రోజులూ నాలుగిళ్ల అవతల పొయ్యి పెట్టుకుని, తాళింపు లేని పప్పు, రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి చేసుకొచ్చేది. మొదటి రోజు నాయన గడప దాటగానే, తలుపు పక్కనే మంచం వేయించుకున్న మునెమ్మవ్వ ముక్కు ఎగబీల్చింది.

"ఇంకా పెట్రోలు కంపు కొడతాండావప్పా. పో, బాయిలో మునిగి రా."

మునిగి వచ్చాడు. మళ్లీ పంపింది. మూడోసారి వచ్చినప్పుడు, "ఇప్పుడు మనిషివైతివి" అంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నాయన నవ్వలేదు. సంగటి ముద్ద కూడా సగం వదిలేసేవాడు.

రెండో రోజు సాయంత్రం ఆకు మేత అయ్యాక అమ్మ బట్టలకని పుంగనూరు పోతుంటే నేనూ పోయాను. నేరుగా గ్రంథాలయానికి పరుగెత్తి, పట్టుపురుగుల మీద ఏముంటే అది కావాలని అడిగాను. పెద్దవాళ్ల అలమర అడుగున, దుమ్ములోంచి ఒక పలుచటి పుస్తకం దొరికింది. పిల్లల కార్డు మీద పెద్దల పుస్తకం నా చేతికి రావడం అదే తొలిసారి. ఒక్క రాత్రికి పూర్తి చేశాను. చిన్న పురుగుకు లేతాకు, పెద్ద పురుగుకు ముదురాకు అని అందులో ఉంది. ఆకు నల్లగా, దళసరిగా ఉంటే గూడు గట్టిగా వస్తుందని బొమ్మ వేసి మరీ చెప్పారు.

నాలుగో రోజు తెల్లవారి తోటలోకి పోయాం. బావి వైపు సాళ్లలో కోయమని అవ్వ రోజూ చెప్పి పంపేది. కానీ అన్నిటికంటే నల్లటి, దళసరి ఆకు ఇంకో అంచున, పక్కవాళ్ల టమాటా చేనును ఆనుకున్న సాలులో ఉంది. "నాయనా, పుస్తకంలో ఇట్టాంటిదే పెట్టమన్నారు" అన్నాను. నాయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "మా పాప చదివింది, తప్పెట్ట ఉంటాది" అని కొడవలి అటు తిప్పాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో నాలుగు రోజుల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది. నాకు ఎంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ చెప్పగలను.

పై తట్టలకు బావి వైపు ఆకు వేశాక, కింది వరసలో రెండు తట్టలకు ఆ ఆకు పరిచాం. మూడో తట్టకు చెయ్యి పెడుతుంటే, మంచంలో కళ్లు మూసుకుని ఉన్న అవ్వ లేచి కూర్చుంది.

"ఆ పక్క సద్దు లేదే."

మేం చెవులు రిక్కించాం. పై తట్టల్లో వాన పడుతూనే ఉంది, కింది రెండు తట్టల్లో ఆగిపోయింది.

"ఆకు యాడ కోస్తిరి?"

నాయన చెప్పాడు. ఆమె ఒక ఆకు అడిగి తీసుకుని, నలిపి, వాసన చూసింది. "నిన్న పొద్దున ఆ చేనికి మందు కొట్టినారు. గాలి ఇట్టే వస్తాండె. తీసెయ్, తీసెయ్. మిగిలిన మూట ఇంట్లో ఉండకూడదు."

మూటను అమ్మ ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. నాయన ఆ రెండు తట్టలనూ వాకిట్లోకి దించాడు. పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ ఊపాయి, పచ్చటి రసం కక్కాయి, మధ్యాహ్నానికి దారం ముక్కల్లా సన్నబడి పడిపోయాయి. నాయన వాటి ముందు గొంతుకూర్చున్నాడు. "కాలు ఇరగ్గొడితిని, పంటా సంపితిని" అన్నాడు, ఎవరితోనో కాదు. చెప్పింది నేనని అవ్వకు తెలియాలి. గడప దగ్గరకు పోయి, "నేనే చెప్పినానవ్వా, పుస్తకంలో ముదురాకు పెట్టమని ఉండాది" అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె పుస్తకం తెమ్మంది. బొమ్మలు చూసింది, పేజీలు తిప్పింది, అట్ట మీద మట్టి అరచేత్తో తుడిచింది.

"మంచిదే రాసినారు. అబద్ధం ల్యా. గాలి ఎటు వస్తాండాదో మాత్రం పుస్తకంలో ఉండదు పాపా, దానికి నువ్వే బయటికి పోయి నిలబడల్ల." నాయన వైపు తిరిగింది. "పది తట్టలుండాయి రెడ్డెప్పా. ఆకలితో ఉండాయి. ఏడ్సేది ఆనక పెట్టుకో."

ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన లేచి బావి వైపు పోయాడు. ఆ రోజు నుంచి ఆకు కోసే ముందు నేను గట్టు మీద నిలబడి, వేలు తడిపి గాలి చూసేదాన్ని. ఎనిమిదో రోజుకు పురుగులు తినడం మాని, ఒళ్లు పసుపు తిరిగి, వెలుతురుకు పెడితే లోపల దీపం ఉన్నట్టు కనిపించాయి. పురుగు పండింది అంటారు దాన్ని. ఒక్కొక్కటే ఏరి, చుట్టలు చుట్టలుగా అల్లిన వెదురు చంద్రికల మీద గూళ్లు కట్టుకోవడానికి వదిలాం. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. వాన వెలిసినట్టనిపించింది. నాలుగు రోజులకు కుప్పం నుంచి కూతురు వచ్చి చంద్రికల మీంచి గూళ్లు ఏరింది. ఒక గూడు చెవి దగ్గర ఊపి, లోపల గింజలా కదిలితే, "గట్టిగా ఉండాయమ్మా" అంది. అవ్వ కళ్లు మూసుకుని తల ఊపింది. ఆ రాత్రి నాయన సంగటి రెండు ముద్దలు తిన్నాడు.

బండి మాత్రం అక్కడే ఉండిపోయింది. సీటు మీద కోళ్లు పడుకునేవి. కట్టు విప్పిన రెండు వారాలకు మళ్లీ వచ్చి చూపించమన్నారు. నాయన జీపు మాట్లాడతానంటే అవ్వ చేతికర్ర నేల మీద కొట్టింది.

"జీపు యాల? రెండు నెల్లుగా ఈ పాడు బండి నా వాకిలికి అడ్డం పడుండాది. దీన్నే తియ్."

"మళ్లా తోలాలంటే భయమైతాదమ్మా."

"ఆ దినం నేను ముందర ఉంటిని కాబట్టి గుద్దితివి. ఇప్పుడు ఎనకాల కూసుంటా గదా, ఇంక భయమేల?"

పల్లె అంతా గొల్లుమంది. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి హ్యాండిలు తిన్నగా తిప్పాడు, సీటు తుడిచాడు. అవ్వ కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని కూర్చుంది. మదనపల్లె రోడ్డులో వాళ్లు కనపడకుండా పోయేదాకా అమ్మా నేనూ నిలబడి చూశాం. నడిచేవాళ్లు దాటిపోగలిగేంత నెమ్మదిగా పోయింది బండి.

నాయన ఇప్పుడు బండి తోలడం లేదు. తోలినన్నాళ్లూ, తల మీద బరువున్న మనిషి ఎదురైతే ఇంజను ఆపి నిలబడేవాడు. "మూట ఎత్తుకున్నోళ్లకు పక్క సూపు ఉండదు" అనేవాడు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ మల్బరీ తోటలో ఇప్పుడు రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. వెదురు తట్టలు, చంద్రికలు అల్లేవాళ్లు లేరు. పురుగులు ఇళ్లలోంచి పొడుగాటి షెడ్లలోకి పోయాయి, ఆకును కొమ్మలతోనే పరుస్తున్నారు, ఆ వాన చప్పుడు వింటూ మంచంలో పడుకునే మనుషులు లేరు. ఆ పలుచటి పుస్తకాన్ని తర్వాత ఇంకో రెండుసార్లు తీసుకున్నాను. మూడోసారి పోయేటప్పటికి అది అలమరలో లేదు.

మొన్న ఆ వాసన రాగానే అంగడి మెట్లు దిగాను. గేటు ముందర ఒక కుర్రవాడు బండి ఆపుకుని, ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. వెనక సీటుకు కట్టిన గోనె మూట నడి ఎండలో ఉంది.

"అప్పా, ఆకు ఎండలో ఉండాది. బండి ఇట్ల నీడకు తిప్పు" అన్నాను.

అతడు నన్నూ మూటనూ మార్చి మార్చి చూసి, బండిని నా అంగడి రేకుల కిందికి తోసుకొచ్చాడు.

"మీకూ పురుగులుండాయా అక్కా?"

"ఉండె," అన్నాను, "ఎనిమిది దినాలు."