లింగం మామ నకిలీ గడియారాలు

మొన్న మా పక్కింటి పిల్లగాడు సైకిల్ మీదికెల్లి పడి చెయ్యి విరగ్గొట్టుకొని, కొత్తగా వేయించుకున్న సిమెంటు కట్టు నాకు చూపిద్దామని వచ్చి నా మంచం అంచుకు కూసున్నడు. కట్టు ఇంక పూర్తిగ ఆరలేదు. తడి సున్నం, దూది, దవాఖాన మందునీళ్ళు కలిసిన ఆ పచ్చివాసన ముక్కుకు తగిలిందో లేదో, నేను ఎనభై ఏండ్ల ముసలిదాన్ని కాకుండ పోయిన. నడుము నుంచి మడిమ దాక తెల్లటి కట్టులో బిగుసుకొని, ఇనుప మంచం మీద వెల్లకిల పండుకొని, పెంకల కింద దూలాల సందున గూళ్ళు కట్టుకునే పిచ్చుకలను చూసుకుంట పొద్దుపుచ్చే తొమ్మిదేండ్ల పిల్లనైన.

మాది హుస్నాబాద్ పక్కన చిన్న ఊరు. రజాకార్ల గడబిడ సద్దుమణిగి జనం కంటినిండ నిద్రపోవుడు మొదలుపెట్టిన రోజులవి. చెర్కుతోటల్లో, మక్కచేన్లల్లో ఎగిరి దుంకే నాకు ఉన్నట్టుండి కాలు నొప్పి పట్టింది. ఆడి ఆడి నొస్తున్నదని అవ్వ ఆముదం రాసింది, బాపు ఎవరితోనో పసరు కట్టించిండు, నొప్పి తగ్గకపోంగ కాలు చిక్కిపోయి నేల మీద ఆనకుండైంది. ఆఖరికి బాపు బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత పరిచి, నన్ను పండవెట్టి దూరాన ఉన్న మిషన్ దవాఖానకు తీసుకపోయిండు. తుంటి బొక్కకు క్షయ పట్టిందనీ, కట్టు వేసి కదలకుండ ఏడాది పైనే పండుకోవెట్టాలనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నన్ను విడిచి పోతున్నప్పుడు నన్ను కన్న అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని, వెనుకకు తిరుగకుండ నడిచింది.

ఆ వార్డు నిండ నా అసొంటి పిల్లలే. కొందరికి కాలుకు, కొందరికి వెన్నుకు కట్లు. నడిచేటోళ్ళం కాదు గనుక మా లోకమంతా కిటికీలోనుంచే వచ్చేది. వానకాలంలో నల్లరేగడి వాసన, తర్వాత గుట్టల మీదికెల్లి గంపల్ల దిగే సీతాఫలాలు, బతుకమ్మ తొమ్మిదొద్దులు ప్రహరీ అవతల ఆడోళ్ళ చప్పట్లు, చలికాలంలో నర్సమ్మలు క్రిస్మస్ కోసం హార్మోనియం ముందర పెట్టుకొని నేర్చుకునే పాటలు, ఎండలు ముదరకముందే గుట్టంతా మంటలంటుకున్నట్టు మోదుగుపూలు. చింతగింజలు మా పొట్టల మీది కట్టు మీదనే పరుచుకొని ఆడుకునేది. గింజ జారి కట్టు లోపలికి పోతే ఇగ దాని గీరుడు ఎవరికి చెప్పుకోవాలి!

వార్డుకు పెద్ద ఎస్తేరు సిస్టరమ్మ. పొడుగ్గ, సన్నగ, ఇస్త్రీ మడత నలుగని తెల్లచీరతోని ఉండేది. పుండ్లు కడిగేటప్పుడు పెదవులు కదలకుండ ఏదో కీర్తన పాడుకునేది. ఆ పాట ఆగిందంటే ఆమెకు కోపమొచ్చిందని గుర్తు. మావాళ్ళు వచ్చేది గురువారం, ఆదివారం, అదీ సాయంత్రం నాలుగు గంటలకు. వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఆయా రత్నమ్మ ఇనుపకడ్డీతో కొడితే గేటు తెరిచేటోళ్ళు. మళ్ళ కొడితే అందరూ పోవాలె. మా అవ్వ బస్సెక్కి ఆ గురువారానికి రాకపోతే ఆదివారానికి కచ్చితంగ వచ్చేది. సర్వపిండో, మక్కగారెలో, దసరా అయితే మలీద ముద్దలో, సంక్రాంతి అయితే సకినాలో, మూట విప్పుతుంటేనే నువ్వుల వాసనకు వార్డంతా మా మంచం దిక్కు తిరిగేది.

నా పక్క మంచం పిల్ల శేవంత. ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయిల దిక్కు వాళ్ళది. మాటల నడుమ మరాఠి కలిసేది. తల్లి లేదు. తండ్రి బాయిలో పనిచేస్తడు. మొదలు మొదలు నెలకోసారి వచ్చి, కండ్ల కింద కడిగినా పోని నల్లటి గీతతో, బిడ్డ పక్కన నేల మీద కూసొని పోయేటోడు. ఆ ఏడు వానలు పడ్డంక రావుడు బందైంది. ఏ కబురూ లేదు.

అప్పుడొచ్చిండు మా లింగం మామ.

ఆయన అవ్వకు చిన్న తమ్ముడు. ఆదిలాబాద్‌లో ఒక పత్తి సేటు దగ్గర గుమాస్తా. ఎప్పుడు చూసినా మీసాల మీద పత్తి పింజ అంటుకొని ఉండేది. సేటు వెంట బొంబాయికి పోయినప్పుడల్లా అక్కడ రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మే నకిలీ విలాయతి గడియారం ఒకటి కొనుక్కొచ్చుకునేది. పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం తక్కువో ఎక్కువో ఉండేది. మామకది తెలుసు. తెలిసే కొనేది. వాటన్నిటినీ బంగారు రంగు పూలున్న నిర్మల్ పెట్టెలో మెత్తటి గుడ్డ మీద పరిచి, ఆదివారం పొద్దున తలస్నానం చేసి, ఒక్కొక్కదాన్నే తుడిచి చావి ఇచ్చేది. ఒకటి ఉరుకుతుండేది, ఒకటి కుంటుతుండేది, ఒకటి జర సేపు నడిచి నిద్రపోయేది.

"నకిలీవి ఏం జేసుకుంటవ్‌రా?" అని అవ్వ తిడితే, "అక్కా, తేడా లోపలనే. మొఖం అయితే గదే గదా. నాకు మొఖం సూసుకుంటె సాలు" అనేటోడు.

ఒక ఎండకాలం సేటు పత్తి జిన్నింగు మిల్లులో నిప్పు లేచింది. మామ ముందుపడి బేళ్ళు బయటికి గుంజించిండు. ఆ సంతోషంతో సేటు తన చేతికున్న అసలు గడియారం విప్పి మామ చేతికి పెట్టిండు. ఇగ దాని తర్వాత మామకు పెట్టె తెరువబుద్ధి కాలేదు. తెరిస్తే అవి తన దిక్కే చూస్తున్నట్టనిపించేదట. జాతర్లల్లో సామాన్లమ్మే ఒకాయన వచ్చి, పెట్టె మొత్తం ఇయ్యి, పల్లెటూరోళ్ళకు అసలువని అమ్ముకుంట అన్నడు. "నేను తెలిసి కొనుక్కున్న. వాళ్ళు తెల్వక కొంటరు. గది వేరే" అని మామ పంపించేసిండు. గోదాట్ల కలుపు, పీడ పోతది అన్నడు ఇంకొక దోస్తు. ఒడ్డు దాక పోయి, చెయ్యి రాక మామ పెట్టెతోనే తిరిగొచ్చిండు.

ఆ పెట్టె పట్టుకొని ఒక ఆదివారం అవ్వతోపాటు నా దగ్గరికొచ్చి మంచం మీద తెరిచిండు. చేతి గడియారం అంటే డాక్టరమ్మ చేతికి, దొరల చేతికి తప్ప మేము చూసింది లేదు.

"అన్నీ నాకేనా మామా?"

"నీకే బిడ్డా. ఏం జేసుకుంటవో నీ ఇష్టం."

అన్నీ ఉంచుకుందామనే ఉండె. కానీ చుట్టూ మంచాల మీదికెల్లి మెడలు లేపి చూస్తున్న మొఖాలు చూసినంక పెట్టెను మామ దిక్కే జరిపిన. మామకు అర్థమైంది. మంచం మంచం తిరిగి, నేను వేలుతో చూపించిన గడియారాన్ని నేను చూపించిన చేతికి కట్టిండు. చేతులు సన్నం, పట్టాలు పెద్దవి, మోచేతి దాక జారేవి. చివరి మంచం మీది చిన్నోడు యాకూబుకు ముండ్లు ఊడిపోయినది దొరికింది. వాడు దాన్నే చెవికి ఆనించుకొని నవ్విండు. నాకొకటి ఉంచుకొని, శేవంతకు ఆకుపచ్చ మొఖమున్నది ఇప్పిచ్చిన. అది నడువదు, పక్కనున్న మర గుంజి తిప్పితే మాత్రం ముండ్లు తిరుగుతయి.

ఆ దినం నుంచి వార్డులో ఎవరి పొద్దు వాళ్ళదే. ఒకరికి తెల్లారేసరికి ఇంకొకరికి మాపటేళ. మందులేసేటప్పుడు "నాకింక టైం కాలేదు" అని నోరు మూసుకునేది. సిస్టరమ్మ కీర్తన ఆపి చూస్తే తెరిచేది.

శేవంత మాత్రం ముల్లును నాలుగుకు జర ముందట నిలిపి పెట్టుకునేది. గంట కొట్టి, అందరి వాళ్ళూ వచ్చి కూసున్నంక నేను అడిగిన, "మీ బాపు రాలే?"

"ఇంక నాలుగు కాలే" అన్నది గడియారం చూపించి.

పోయే గంట కొట్టినా ఆమె ముల్లు అక్కడనే ఉండేది. మా అవ్వ సకినాలు చేతిల పెడితే సగం తిని, సగం రుమాలులో కట్టి తల పెట్టుకునే మెత్త కింద దాచేది. అవ్వ నన్ను సముదాయించినట్టే ఆమె తల నిమిరేది. అవ్వ చెయ్యి అంతసేపు పక్క మంచం మీద ఉంటే నాకు ఓర్వబుద్ధి కాకపోయేది. అయినా తియ్యమని అనలేకపోయేదాన్ని.

సంక్రాంతి పోయినంక డాక్టరమ్మ, సిస్టరమ్మ మా మంచాల నడుమ నిలబడి మాట్లాడుకున్నరు. శేవంత కట్టు కోసేసే రోజు దగ్గరపడ్డదనీ, తీసుకపోయేటోళ్ళు లేరు గనుక దూరపు పట్నంలో దిక్కులేని పిల్లలుండే బడికి పంపాలనీ అనుకున్నరు. వాళ్ళు పోయినంక శేవంత చాలసేపు పిచ్చుకలనే చూసింది. "ఆడికి పోతె మా బాపుకు నా జాడ దొరకది" అన్నది. ఏడవలేదు. నేను చెయ్యి చాపితే ఆమె వేళ్ళు అందినయి. మధ్యాహ్నమంతా అట్లనే పట్టుకొని పండుకున్నం.

ఆ తర్వాత కొద్దొద్దులకే, పొద్దుగాల, తూర్పు కిటికీల నుంచి ఎండ మంచాల మీద పడుతున్నప్పుడు వరండాలో మొగమనిషి గొంతు వినిపించింది. శేవంత చెయ్యి నా దిక్కు లేచి అట్లనే ఆగిపోయింది.

"ఇయ్యాల మంగళారం. గురువారం నాలుగు గంటలకు రా. పిల్లల పుండ్లు కడిగే టైం ఇది" అంటున్నది సిస్టరమ్మ.

"అమ్మా, బాయిల పైకప్పు కూలి నా మీద పడ్డది. గిన్నొద్దులు నేను గూడ దవాఖానలనే ఉన్న. కబురు చెప్పెటోడు లేడు. రేపు డ్యూటీ ఎక్కకపోతె నౌకరి పోతది. జర ఒక్కసారి సూసి పోత."

"రూలంటే రూలే. ఒకరికి తెరిస్తే అందరికీ తెరవాలె."

గడపలో నీడ వెనుకకు జరిగింది. శేవంత "బాపూ" అని పిలవలేదు. గబగబ మర గుంజి ముల్లు తిప్పి, చెయ్యి పైకెత్తింది.

"సిస్టరమ్మా! నాలుగైంది."

సిస్టరమ్మ గడపలో నిలబడి లోపలికి చూసింది. నేను నా గడియారం తిప్పిన. తొందరల ముల్లు నాలుగు దాటి పోయింది, మళ్ళ వెనుకకు తిప్పి ఎత్తిన. "నాది గూడ నాలుగే" అన్న. అవతలి మంచం, దాని అవతలి మంచం, కరకరమని మరల చప్పుడు, ఒక్కొక్కటే చేతులు లేసినయి. ఆఖరుకు యాకూబు ముండ్లు లేని గడియారం ఎత్తి, అందరికన్నా గట్టిగ "నాలుగే!" అని అరిచిండు.

సిస్టరమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మంచం మంచం కాడికి నడిచి, నాడి చూసినట్టు ఒక్కొక్క చెయ్యి పట్టుకొని ఒక్కొక్క గడియారం చూసింది. యాకూబుది కూడ చూసింది. ఆఖరుకు తన రొమ్ము మీద పిన్నుతో పెట్టుకున్న గడియారం దిక్కు చూసుకున్నది.

"నాదే ఎనుకవడ్డట్టుంది" అన్నది. "రత్నమ్మా, గంట కొట్టు."

రైలుపట్టా మోగింది. శేవంత బాపు లోపలికొచ్చిండు. ఒక చెయ్యి మోచేతి కాడ వంకరగ అతుక్కుపోయింది. ఆ చేతితోనే బిడ్డ మొఖాన్ని తడిమిండు. శేవంత మెత్త కింది రుమాలు తీసి విప్పింది. పొడిపొడి అయిన సకినం ముక్కలను ఆయన ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నడు, నమిలినంతసేపు నీళ్ళు కారుతనే ఉన్నయి. సిస్టరమ్మ ఆ దినం పోయే గంట కొట్టియ్యలేదు. తనే ఆయనను డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయింది. బడికి పంపే మాట మళ్ళ రాలేదు.

మోదుగులు పూసినప్పుడు శేవంత కట్టు కోసిండ్రు. ఆమెను వాళ్ళ బాపు భుజానికెత్తుకొని పోయిండు. ఎన్ని తీర్లుగా ఓదార్చినా నేను రెండొద్దులు అన్నం ముట్టలేదు. ఆ మంచం మీదికి ఇంకో పిల్ల వచ్చింది, నేను ఆ పిల్లతో చానాళ్ళు మాట్లాడలేదు.

ఈ ముచ్చటంతా అవ్వ చెప్పంగ విన్న లింగం మామ ఆ తర్వాత బొంబాయి పోయినప్పుడు మళ్ళ నకిలీ గడియారాలు తెచ్చుడు మొదలుపెట్టిండు. ఈసారి పెట్టెలో దాచలేదు. వచ్చిన దారినే వార్డుకు తెచ్చి కొత్త పిల్లల చేతులకు కట్టి పోయేటోడు. నేను కర్రల మీద నడుచుకుంట ఇంటికి పోయినంక కూడ చాలా ఏండ్లు తెచ్చిండు.

ఇప్పుడు మామ లేడు, ఎస్తేరు సిస్టరమ్మ లేదు. వార్డున్న చోట మందుల గోదాము కట్టిండ్రు. ఏడాదికేడాది మంచం మీద పండవెట్టే ఆ వైద్యం ఎప్పుడో పోయింది, పోవుడే మంచిది. సర్వపిండి మూట పట్టుకొని గేటు అవతల గంట కోసం నిలబడ్డ అవ్వ కూడ దాంతోపాటే పోయింది. మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుబాయిల దిక్కు పోయినప్పుడు మాత్రం నా ఈడు ఆడోళ్ళ మొఖాల్లోకి చూసుడు నాకు పోలేదు. పోయినేడు మంచిర్యాల స్టేషన్‌లో ఒకామె మనుమరాలి చెయ్యి పట్టుకొని మెట్లు దిగుతుంటే, ఆ మెడ తిప్పే తీరు చూసి, నాకు తెలియకుండనే "శేవంతా!" అని పిలిచిన. ఆమె ఆగలేదు. ఎవరో కూలాయన తిరిగి చూసిండు. ఆ పేరును గొంతెత్తి పలికి ఎన్నేండ్లయిందో నాకు అప్పుడు తెలిసింది. మా రైలు వచ్చేదాక మెల్లగ మళ్ళ మళ్ళ అనుకుంట అక్కడనే నిలబడ్డ.