జీడితోటలో మూడో చోటు

ధనమ్మ జీడితోటలో ఊరి జవాన్ల సమాధులు రెండున్నాయి. తారకేశ్వరరావు సరిహద్దులో చనిపోయి పెట్టెలో ఇంటికొచ్చిన రోజున ఉద్దానమంతా ఒకటే వాన. శ్మశానం దారి బురదలో మిలటరీ లారీ దిగబడింది. దేశానికి ప్రాణమిచ్చినవాడికి సొంతూళ్లో దారి లేకపోవడమేం చోద్యమో! మా తోట రోడ్డు పక్కనే ఉంది కదా, అక్కడికి తీసుకురండని ధనమ్మే ముందుకొచ్చింది. అక్కడే దహనం చేసి, అక్కడే సమాధి కట్టారు. కొన్నేళ్లకు జానకిరామ్ అలాంటి పెట్టెలోనే వచ్చాడు. ఈసారి ఆమెను ఎవరూ అడగనైనా లేదు, లారీ నేరుగా తోటకే వచ్చింది. వజ్రపుకొత్తూరు ఆటోవాళ్లు దాన్ని జవాన్ల తోట అనడం మొదలుపెట్టారు.

ఆ రెండు దహనాలప్పుడూ సైనికులు పేల్చిన తుపాకుల వందనం కళ్లప్పగించి చూసిన ధనమ్మ కొడుకు ఆనంద్, ఇంటరు కాగానే సైన్యంలో చేరిపోయాడు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. ఇద్దరు తల్లుల బిడ్డలను తన తోటలో పడుకోబెట్టుకుని, నా బిడ్డ మాత్రం వద్దని ఏ మొహంతో అంటుంది? అప్పటినుంచి ఆమెకు స్థిమితం లేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే మరీ భయం. జీడిగింజలు ఏరుతూ ఏరుతూ గంప అక్కడే వదిలేసి, ఏ లారీ వస్తోందోనని రోడ్డు మీదికి వచ్చి చూస్తుంది.

ఈ వేసవిలో సమాధుల చుట్టూ గోడ కట్టాలని ఊరు తలపెట్టింది. పెద్దరికం మాజీ సైనికుడు వరహాలుది. మేస్త్రి మేకులు పాతి గోడ హద్దుకు తాడు కట్టాక ధనమ్మ వెళ్లి చూస్తే, తాడు లోపల రెండు సమాధుల పక్కన ఇంకొకటి పట్టేంత నేల ఖాళీగా ఉంది. ఎందుకని అడిగింది. ఊరి కుర్రాళ్లు ఇంకా సైన్యంలో ఉన్నారు కదా, ముందుచూపు మంచిదేనన్నాడు వరహాలు. మంచివాడే పాపం, మాట జారాక నాలుక కరుచుకున్నాడు.

ధనమ్మ కాలుగాలిన పిల్లిలా తాడు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆ ఖాళీ నేల మీద చతికిలబడింది.

"ఈ జాగా నాది మావా. నాను సచ్చినాక నన్నిక్కడే కాల్సీయండి. నా కొడుక్కి మాత్రం ఇక్కడ సోటు నేదు."

జవాన్లకే తప్ప ఇతరులకు కుదరదని అతను మెల్లగా నచ్చజెప్పబోయాడు. ఆమె కదల్లేదు. చివరికి వరహాలే తన చేత్తో మేకు పీకి, ఆమె కూర్చున్న నేలను హద్దు బయటికి వదిలి, రెండు సమాధులను ఒరుసుకుంటూ తాడు బిగించాడు. అప్పుడేడ్చింది ధనమ్మ, పోయిన ఇద్దరినీ పేరుపేరునా పిలుస్తూ, తన కొడుకు పేరు మాత్రం నోట రానివ్వకుండా.