డాగ్నీ దుకాణాన్ని నొక్కినవాళ్లు

డాగ్నీ హోల్మ్ మా హావ్రో దీవికి వచ్చిపోయే ఓడలో ఇరవయ్యేడేళ్లు కాఫీ పోసింది. గాలివాన రోజున కూడా చుక్క ఒలకనివ్వదని పేరు. కొత్త ఓడ వచ్చినప్పుడు కాఫీకి మనిషి బదులు యంత్రాన్ని పెట్టారు. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఆఖరి రోజున ప్రయాణికులిచ్చిన పూలగుత్తిని ఆ యంత్రం నెత్తిన పెట్టి, "బాగా పనిచెయ్ తల్లీ, నవ్వడం మాత్రం నేర్చుకో" అని చెప్పి దిగిపోయింది.

ఇంటి వెనక ఆమెకు పదకొండు గొర్రెలు. వాటి ఉన్నిని వేడి సబ్బునీళ్లలో తడిపి, చుట్టచుట్టి, ముంజేతులతో దొర్లించి దొర్లించి గట్టిపరిచి, కూర్చోవడానికి గుండ్రటి మెత్తలు చేసేది. చర్చి బల్లల మీదా, చేపల పడవల్లోనూ మా అందరి కిందా అవే ఉంటాయి. ఇక ఊళ్లో మెత్త లేని మనిషి మిగల్లేదు కాబట్టి వాటిని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంది. అవతలి ఒడ్డున పట్నంలో రెండు రోజుల శిక్షణకు వెళ్లింది. తిరిగి రాగానే నేను పనిచేసే లైబ్రరీకి తిన్నగా వచ్చి, కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఇంగర్, విను. ఎవరైనా ఏదైనా కొనాలని నెట్‌లో వెతికితే అన్నిటికన్నా పైన వరసగా బొమ్మలొస్తాయి కదా, బొమ్మ కింద పేరు, ధర? ఇకమీద అక్కడ నా మెత్తలుంటాయి! బొమ్మని నొక్కారంటే సరాసరి నా దుకాణంలోకి వచ్చి పడతారు!"

ఎవరు ఎన్నిసార్లు నొక్కారో కూడా తన ఫోన్‌లో తెలుస్తుందట. మెత్తలకు పేర్లు కూడా పెట్టుకుంది: ఉదయమేఘం, వెన్నెల నురుగు, గొర్రెపిల్ల కల. ఆ పేర్లు చదువుతుంటే ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. డబ్బు సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకల్లా కిరాణా కొట్లో ప్రేబెన్ ముందు ఆమె గంతులేసింది. "ఇరవై మంది నొక్కారు! చలికాలపు పొద్దు పొడిచి గంటన్నా కాలేదు!"

"కొన్నారా?" అన్నాడు ప్రేబెన్. ఎప్పుడూ తూకంలోనే ఆలోచించే మనిషి.

"చూస్తున్నారయ్యా. చూడనీ. నువ్వు మీ ఆవిడని మొదటిరోజే పెళ్లాడావా?"

రెండో రోజూ ఇరవయ్యే. మూడో రోజూ ఇరవయ్యే. డాగ్నీ ఆ ఇరవై మందినీ ఊహించుకునేది. కోపెన్‌హాగెన్‌లో ఒక దంతవైద్యురాలు, ఓర్హూస్‌లో కొత్తగా పెళ్లయిన జంట, ఎక్కడో ఒంటరిగా బతికే ఆర్గన్ వాయిద్యకారుడు. వాళ్ల గురించి మాకు కబుర్లు చెప్పేది. పదకొండు రోజులు అలా గడిచాయి. ఒక్క మెత్తా అమ్ముడుపోలేదు, ఆమె ఉత్సాహం మాత్రం రవ్వంత తగ్గలేదు.

పన్నెండో రోజు గురువారం. నొక్కినవాళ్లు ఏ ఊరివాళ్లో కూడా చూడొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది. పెద్ద తెర మీద చూద్దామని లైబ్రరీకి వచ్చింది. కిటికీ దగ్గర ఐనార్ పేపర్ చదువుతున్నాడు. ఆయన పాత ఓడకు కెప్టెన్, డెబ్బై తొమ్మిదేళ్లవాడు, చలికాలం పొడుగునా రోజూ సముద్రంలో మునిగి స్నానం చేస్తాడు.

డాగ్నీ తెర మీద వేలుపెట్టి చదివింది. "హావ్రో... హావ్రో... హావ్రో." వేలు కిందికంటా వెళ్లింది. "మొత్తం హావ్రోయే." మెల్లగా నావైపు తిరిగింది. "ఇంగర్, నువ్వు గానీ నొక్కావా?"

"ఆ, ఒక్కసారి" అన్నాను. నా చెవులు కాలిపోయాయి. "అంటే, ఒక్కో కంప్యూటర్ నుంచి ఒక్కసారి. రోజూ."

"ఎన్నున్నాయి ఇక్కడ కంప్యూటర్లు?"

"ఆరు."

పేపర్ వెనకనుంచి ఐనార్ గొంతు వచ్చింది. "నేను రెండుసార్లు. స్నానానికి ముందోసారి, తర్వాతోసారి. ప్రేబెన్ నాలుగైనా నొక్కుతాడు. పాస్టర్ గారు ప్రార్థన అయ్యాక నొక్కుతారు. నీకు సంతోషంగా ఉంటుందని అందరం అనుకున్నాం."

"ఒరే దేవుడా!" అంది డాగ్నీ. "నొక్కినప్పుడల్లా నేను డబ్బు కట్టాలయ్యా! రోజుకి ఇంత అని పెట్టుకున్నాను, అది ఇరవై నొక్కులకి సరిపోతుంది. అది అయిపోగానే నా బొమ్మ మాయం, మళ్లీ మర్నాడే. తొమ్మిదిన్నరకల్లా మీరే మొత్తం ఊడ్చేస్తుంటే ఇక బయటివాళ్లకి నేను కనిపించేదెప్పుడు?"

ఐనార్ పేపర్ దించాడు. ముఖం తెల్లబోయింది. "అంటే ఇన్నాళ్లూ నీ జేబుకి చిల్లు పెట్టింది మేమేనా?"

డాగ్నీ మావైపు చూసింది, తెర వైపు చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కడుపు కదిలింది, చివరికి పిల్లల పుస్తకాల మధ్య నేలమీద కూలబడి కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "నా దంతవైద్యురాలు!" అంటుంది, మళ్లీ నవ్వుతుంది. "ఆ దంతవైద్యురాలు ప్రేబెనా!" నవ్వు ఆపుకోలేక ఐనార్ ఊగిపోతుంటే ఆయన కళ్లజోడు జారి నేలమీద పడింది. నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

ఆ రోజే ఆమె తన ప్రకటన హావ్రోలో ఎవరికీ కనబడకుండా, ఊళ్ల జాబితాలోంచి మా దీవిని తీసేసింది. అదొక కొత్త గొడవ. శుక్రవారం పొద్దున్నే ప్రేబెన్ కొట్టు వదిలేసి, నడుముకు కట్టిన గుడ్డతోనే ఆమె ఇంటికి పరుగెత్తాడు. "ఎంత వెతికినా లేవు! దుకాణం మూసేశావా? మామీద కోపమా?"

"నీమీద ప్రేమతోనే నీకు కనబడకుండా పోయాను, వెళ్లి బంగాళదుంపలు అమ్ముకో" అని పంపించింది. అయినా శనివారం పొద్దున లైబ్రరీకి రమ్మని ఊరంతటికీ కబురు పెట్టింది. మూడు అరల మీగడ కేక్ తెచ్చి బల్లమీద పెట్టింది. పాతికమంది వచ్చారు.

"మీ వేళ్లు జేబుల్లో పెట్టుకోండి. నాకు మీ నోళ్లు కావాలి" అంది. "మెత్త పేరు, దాని గురించి నేను రాసిన నాలుగు ముక్కలు చూసే ఆ బొమ్మ ఎవరికి చూపించాలో తేలుతుంది. నేనేమో ఉదయమేఘం అని రాశాను. ఎవరికి చూపించారో తెలుసా? పసిపిల్లల గదికి మేఘం ఆకారం దీపం కావాలన్నవాళ్లకి! కాబట్టి చెప్పండి, నా మెత్త మీ దగ్గర లేకపోతే, అలాంటిదొకటి ఉంటుందనీ తెలియకపోతే, మీరేమని వెతుకుతారు?"

పాస్టర్ గారు "చర్చి బల్ల గట్టిదనం" అన్నారు. అది మీరు ఒప్పుకోవడమే గొప్ప అన్నారు వెనకనుంచి ఎవరో. ప్రేబెన్ "ఫుట్‌బాల్ మైదానం చల్లటి మెట్లు" అన్నాడు. డాగ్నీ రాసుకుంటూనే ఉంది. ఐనార్ మాత్రం కేక్ తింటున్నాడు.

"నువ్వేమంటావు కెప్టెన్?"

"ఆడవాళ్ల ముందు ఎలా చెప్పను?"

"ఓడలో ఏళ్లతరబడి నీ తిట్లు విన్నాను. చెప్పు."

ఐనార్ చెంచా పక్కన పెట్టాడు. "సముద్రంలోంచి వచ్చి మంచుపట్టిన చెక్కబల్ల మీద కూర్చుంటే ఏమవుతుందో మీకెవరికీ తెలీదు. నేనైతే పిర్రలు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలి అని వెతుకుతాను."

లైబ్రరీ పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. డాగ్నీ మాత్రం నవ్వలేదు. ఈ దేశంలో చలికాలంలో సముద్రంలో మునిగే పిచ్చివాళ్లు ఎంతమంది ఉంటారని మెల్లగా అడిగింది. వేలకు వేలు ఉంటారన్నాడు ఐనార్.

ఆ మధ్యాహ్నమే వెన్నెల నురుగులూ గొర్రెపిల్ల కలలూ పోయాయి. 'ఉన్ని మెత్త, చలికాలపు సముద్రస్నానం తర్వాత కూర్చోవడానికి' అని పేరు మారింది. కింద వివరంలో పిర్రలు గడ్డకట్టవని ఐనార్ మాట ఉన్నదున్నట్టు పెట్టింది. పాత బొమ్మ తీసేసి, రేవు బల్లమీద మంచులో మెత్త వేసి, దాని పక్కన తడి తువ్వాలు పెట్టి కొత్త ఫోటో తీసింది. తువ్వాలు ఐనార్‌ది. అది చుట్టుకుని ఫోటోలో తను కూడా ఉంటానని ఆయన చాలా బతిమాలాడు, ఆమె ఒప్పుకోలేదు.

మంగళవారం పదింటికి నేను పుస్తకాలు సర్దుతున్నాను. రేవు దారిలో కేక వినబడింది. చూస్తే డాగ్నీ, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు, చేతిలో ఫోన్ పైకెత్తి మంచులో పరుగెత్తుతోంది. "ఓల్బోర్! ఓల్బోర్ పట్నంలో ఒక మనిషి కొన్నాడు! నిజం మనిషి!" ఎదురొచ్చిన పోస్ట్‌మన్‌ను పట్టుకుని గిర్రున తిప్పింది. వారం తిరిగేసరికి పద్నాలుగు మెత్తలు అమ్ముడుపోయాయి. ఆపై వారం ఓర్హూస్ దగ్గరి స్నానాల సంఘం ఒకటి ఏకంగా అరవై అడిగింది.

పదకొండు గొర్రెల ఉన్ని ఏ మూలకు సరిపోతుంది? కొనేవాడు లేక దీవి రైతులు ఏటా పారేసే ఉన్నినంతా బస్తాల్లో మోసుకొచ్చారు. ఊరి హాల్లో బల్లలు వేసి, రేడియో పెట్టి, మోచేతులదాకా సబ్బునురుగుతో అందరం దొర్లించాం. పాస్టర్ గారు పాటకు తగ్గట్టు దొర్లిస్తే ఆయన మెత్తలు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. డాగ్నీ వాటిని కూడా పంపింది.

ఆ అరవై మెత్తల్ని మాత్రం పోస్టులో వెయ్యనంది. "నన్ను నొక్కినవాళ్లని నేను కళ్లారా చూడాలి" అని బయల్దేరింది, తోడుగా నన్ను లాక్కెళ్లింది. ఫిబ్రవరి ఆదివారం, ఎండ కాస్తోంది, నీటి అంచున మంచు పలకలు. రేవు చెక్కల మీద వణుకుతూ, తువ్వాళ్లు చుట్టుకుని, ఎండ్రకాయల్లా ఎర్రబడ్డ అరవైమంది. డాగ్నీ ఒక్కొక్కరికీ మెత్త అందిస్తూ, ఒక్కొక్కరినీ అదే అడిగింది.

"మీరేమని వెతికారు?"

"మేం కాదు, వెతికింది మా సంఘం కార్యదర్శి" అన్నారు కొందరు. తెల్లటి జడ ఉన్న పొడవాటి ముసలావిడ ముందుకొచ్చింది. "నేనే. 'చల్లటి బల్ల, వెనకభాగం, సాయం' అని కొట్టాను."

"మీ వృత్తేంటమ్మా?" అని అడిగింది డాగ్నీ ఆశగా.

"రిటైరయ్యాను. పళ్ల డాక్టర్ని."

డాగ్నీ నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే, మర్నాటిదాకా కమిలిపోయే ఉంది. ఆవిడ మాత్రం ఏమీ తెలియకుండా, "మీరు కూడా దిగండి, లేకపోతే మా దగ్గర కాఫీ దొరకదు" అంది. నేను వెంటనే రెండడుగులు వెనక్కి వేశాను. డాగ్నీ అప్పటికే బూట్లు విప్పేసింది. ఇన్నేళ్లు ఆ నీళ్ల మీద తిరిగినా ఒక్కసారైనా దిగలేదని నిచ్చెన మీద నిలబడి అందరికీ ప్రకటించింది. ఆ తర్వాత కాళ్లు దగ్గరికి ముడుచుకుని దూకేసింది. పైకి తేలినప్పుడు ఆమె పెట్టిన కేకకు రేవుమీది పక్షులన్నీ లేచిపోయాయి. అరవైమందీ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తువ్వాలు పట్టుకుని నిచ్చెన దగ్గరికి పరుగెత్తాను.