పొయ్యికొక మనిషి

మా వదినెకు సొంత పొయ్యి లేదు. ఆమె మా ఆయనకు అక్క. ఈడు రాకముందే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారి పొయ్యి మీదే అందరికీ వండి, అందరూ తిన్నాక తినేది.

రామన్నపేట దగ్గర మా ఊరు. పోలీసు యాక్షన్‌కు ముందటి ఏడాది నిజాం సర్కారు మీద కొట్లాడే సంఘం వాళ్లు ఊరి కాపలాకు వాలంటీర్లను పెట్టారు. మంచె మీద కూర్చుని నకిరేకల్ బాట వైపు చూస్తుండాలి. దుమ్ము లేచిందంటే సిపాయిలు వస్తున్నట్టే, డప్పు కొట్టాలి. వడిసెలతో విసరడానికి రాళ్లు ఏరి కుప్ప పోయాలి. దెబ్బలు తగిలినవాళ్లకు కట్టు కట్టాలి. అందుకు సంఘం పెట్టిన లెక్క పొయ్యికొక మనిషి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకుంటే ఇద్దరు రావాలి. న్యాయమైన లెక్కే, నేను కాదనను.

కానీ తీరా వంతు వచ్చేసరికి ఒకామె పిల్లకు జ్వరం. ఇంకొకామెను మొగుడు కదలనివ్వడు. మరొకాయనకు కొత్త పెళ్లాం. అందరి చూపూ మా వదినె మీదికే పోయేది. నీకేముందమ్మా, మొగుడా, పిల్లలా అనేవాళ్లు, అదేదో వరమైనట్టు. ఆమె నవ్వేసి, కొంగు నడుముకు చుట్టి బయలుదేరేది. ఏ పొయ్యి లెక్కలోనూ లేని మనిషి ఊరందరి వంతూ మోసింది. కాన్పులకూ ఆమే కావాలి. ఆమె చేతుల్లో పడ్డ బిడ్డకు పేరు పెట్టేనాడు మాత్రం ముండమోసిందని ఆమెను వేడుకకు పిలిచేవాళ్లు కాదు. నాకు ఒళ్లు మండేది. ఆమెకు కోపం రాకపోవడం చూసి ఇంకా మండేది.

మా కులంలోనే భార్య పోయిన ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఒక చిన్న ఆడపిల్ల. కాపలాలో వదినెతో పాటు రాళ్లు ఏరేవాడు, మాట తక్కువ. ఒకనాటి పొద్దున మా వాకిట్లోకి వచ్చి తలొంచుకుని, మీ అక్కను నాకిచ్చి చేస్తావా అని మా ఆయనను అడిగాడు. లోపల వదినె రొట్టె చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడిపోయింది. నేను లోపలికి పోయి, నీకు ఇష్టమేనా అని అడిగాను.

"నాకు గూడ ఒక పొయ్యి ఉంటే మంచిగుంటది," అన్నది, తల ఎత్తకుండా.

అంతకుముందు ఆమె తన కోసం ఏదైనా కావాలనగా నేను వినలేదు.

సంఘం పెద్దల ముందు మాట పెట్టాం. వితంతువులకు పెళ్లిళ్లు చేయాలని ఊరూరా చెప్పేవాళ్లు కదా, ఎగిరి గంతేస్తారనుకున్నాను. ముసలివాళ్లు ఆచారం ఒప్పుకోదన్నారు. సరే, వాళ్లంతే. సంఘం పెద్దాయన గొంతు సవరించుకుని, పెళ్లి మంచిదే గానీ ఈ గడ్డుకాలం గడవనివ్వండి, ఆమె సంసారంలో పడితే కాపలాకెవరు, కాన్పులకెవరు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆమె అంటే ప్రాణం పెట్టేవాళ్లే. గోడవారన నిలబడ్డ వదినె పోనీలే అనబోతోందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

కొత్త కోడలిని. అంతమంది మగవాళ్ల ముందు నోరెత్తకూడదు. ఎత్తాను.

"మీ అందరి పొయ్యిలు ఆరకుండ కావలి కాసింది మా వదినె. గిన్ని పొయ్యిలున్న ఊర్ల ఆమెకొక్క పొయ్యి ఎక్కువైందా?"

మా ఆయన నా వైపు తిరిగాడు. ఇక ఇంటికి పోయాక నా పని అయిందనుకున్నాను. కానీ ఆయన, నా పెళ్లాం చెప్పింది నిజమే అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన తప్పులు చాలా మాఫీ చేశాను. పెద్దాయన కాసేపు నేల చూసి, సరే, పెళ్లి చేద్దాం, ఇకనుంచి ఎవరి వంతుకు వాళ్లే రావాలి అన్నాడు. బంతిపూల దండలు మార్చుకున్నారు. వాళ్ల కొత్త పొయ్యికి మట్టి తొక్కింది నేనే.

కొద్దిరోజులకే ఆ పొయ్యికి వంతు వచ్చింది. సాయంత్రం వాకిట్లోంచి పిలుపు వినబడగానే వదినె అలవాటుగా కొంగు చుట్టింది. ఆమె కొత్త మొగుడు ఆమె చేతిలోంచి వడిసెల తీసుకుని, ఇన్నాళ్లూ నువ్వు పోయావు, ఇవాళ నేను పోతానని చెప్పి వెళ్లిపోయాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

ఆమె పొయ్యి ఎగదోసింది. గుమ్మంలోకి వచ్చింది. పిల్లకు అన్నం పెట్టి మళ్లీ గుమ్మంలోకే వచ్చింది. బండి చప్పుడుకు ఉలిక్కిపడింది. మంచె మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా భయమెరగని మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంట్ల ఉన్నోళ్లు గింత భయపడ్తరా?" అని అడిగింది.

"పడ్తం వదినె. మనోళ్లు వచ్చేదాక గిట్లనే ఉంటది."

మంచె ఉన్న వైపే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నేను పోయినప్పుడు నాకోసం ఎవరన్న గిట్ల భయపడ్డరా?"

"నేను పడ్డ," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆయన తిరిగి వచ్చేదాకా వదల్లేదు.